కుంటాల యాత్ర – కొన్ని ఆలోచనలు

వర్షాకాలం వెనుకపట్టి, ఆకాశం తేటపడి, ఉదయపు గాలిలో కొంచెం చలి పొడచూపగానే మా తరగతి గదులలో ఏటేటా ఒక ప్రశ్న తలయెత్తుతుంది: “సార్, ఈ సంవత్సరమైనా కుంటాలకు తీసుకొని వెళతారా?” ఈ ప్రశ్న తెలుగు తరగతిలోనే ఎక్కువగా వినబడడానికి కారణం లేకపోలేదు. ప్రబంధాలలోని కొండలను, సెలయేళ్లను, అడవులను వర్ణించి వర్ణించి విద్యార్థుల నోరూరించేది మేమే కదా! లెక్కల అధ్యాపకులకు ఈ చిక్కు లేదు.

కొన్నేళ్లుగా ఈ ప్రశ్నకు కళాశాల పక్షాన ఒకటే సమాధానం వస్తున్నది. జలపాతాలకు, నదీతీరాలకు, జలాశయాలకు విద్యార్థులను తీసుకొని పోరాదని పాలక సంఘం తీర్మానించింది. కోటలకు, మ్యూజియములకు, పారిశ్రామిక ప్రదర్శనలకు అభ్యంతరం లేదు. ఈ తీర్మానాన్ని పునరాలోచించవలసిందిగా పెద్దలను కోరడానికే ఈ వ్యాసాన్ని ఉద్దేశించాము. అయితే తీర్మానం వెనుకనున్న భయం కల్పితం కాదని ముందుగా చెప్పడం న్యాయం. 2014 జూన్ 8వ తేదీన హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాదు నుండి వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయిన సంగతి మన రాష్ట్రంలో ఏ తల్లీ మరచిపోలేదు. నదీగర్భంలోని బండలపై నిలబడి వారు బొమ్మలు తీసుకొంటూ ఉండగా, ఎగువనున్న లార్జీ ఆనకట్ట గేట్లు ఎత్తడంతో నీరు ఒక్కసారిగా పెరిగింది. మన కుంటాల వద్దనూ ప్రాణాలు పోయినవారు ఎందరో ఉన్నారు. వారిలో అధిక భాగం మన విద్యార్థుల ఈడు యువకులే. ఇవన్నీ తెలిసిన తండ్రి ఒకరు పాలక సంఘంలో కూర్చొని “వద్దు” అన్నప్పుడు ఆయనను పిరికివాడని అనడానికి మాకు నోరు రాదు.

అయినా ఆ “వద్దు” ఎవరిని ఆపినదో కొంచెం ఆలోచించవలసి ఉన్నది. గత సంవత్సరం దసరా సెలవులలో మా విద్యార్థులు ఐదుగురు మూడు మోటారు సైకిళ్లపై కుంటాలకు వెళ్లి వచ్చారు. ఇంటివద్ద స్నేహితుని అన్నగారి వలీమా అని చెప్పారట. హెల్మెట్ ఒక్కరికే ఉన్నది. తాడు లేదు, మందుల పెట్టె లేదు, తాగేందుకు తెచ్చుకొన్న నీళ్లు దారిలోనే అయిపోయాయి. ఎక్కడికి వెళ్లారో తెలిసినవారు ప్రపంచంలో ఒక్కరైనా లేరు. వారు క్షేమంగా తిరిగివచ్చారు గనుక ఈ సంగతి నవ్వుతూ మాకు చెప్పారు, మేమూ నవ్వుతూ విన్నాము. కాని ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. కళాశాల తీర్మానం ఈ ఐదుగురినీ జలపాతం నుండి దూరం చేయలేదు. వారి వెంట ఒక పెద్దమనిషి, ఒక తాడు, ఒక వేళాపట్టిక ఉండకుండా మాత్రం చేసింది. నిషేధం వలన కళాశాలకు బాధ్యత తప్పుతుందేమో గాని ప్రమాదం తప్పదు. పైగా, నిషేధాన్ని బుద్ధిగా పాటించేవారు ఎవరు? ఇంటిలో మోటారు సైకిలు లేని పేద విద్యార్థులు, ఒంటరిగా వీధి దాటడానికి అనుమతి లేని విద్యార్థినులు. తీర్మానం పనిచేస్తున్నది వారిమీదనే.

కుంటాలను చూడనివారి కోసం నాలుగు మాటలు. ఆదిలాబాదు జిల్లా నేరడిగొండ మండలంలో, సహ్యాద్రి పంక్తిలోని సాత్మల కొండల నడుమ, గోదావరికి ఉపనది అయిన కడెం ఇక్కడ సుమారు 45 మీటర్ల ఎత్తునుండి అంచెలంచెలుగా దూకుతుంది. చుట్టూ టేకు అడవి. దుష్యంతుని భార్య శకుంతల పేరుమీద ఈ పేరు వచ్చిందని ఒక కథ. కుంటలు అనేకం కలిసినచోటు గనుక కుంటాల అయినదని మరొక వ్యుత్పత్తి. రెండవదే మాకు రుచించింది, మొదటిది విద్యార్థులకు రుచించింది. జలపాతం చెంత బండల మధ్య సోమేశ్వరుడు వెలసి ఉన్నాడు. మహాశివరాత్రికి జనం విరివిగా వస్తారు. గోండుల ఊళ్లు ఆ చుట్టుపక్కల అనేకం. మా ఉర్దూ శాఖ సహాధ్యాపకులు జలపాతాన్ని ఆబ్‌షార్ అంటారు. ఆబ్ అంటే నీరు, ఆ నీరు ధారగా కురియడం ఆబ్‌షార్. మన మాటలో పడడం ఉన్నది, వారి మాటలో కురియడం ఉన్నది. ఆ సన్నని భేదం చలికాలపు ఎండలో ఆ తుంపర ముఖాన పడినప్పుడు గాని తెలియదు. రెండు భాషల విద్యార్థులూ ఒకే బండమీద కూర్చొని ఈ రెండు మాటలనూ పోల్చుకొనే అవకాశం ఏ మ్యూజియంలో దొరుకుతుంది?

ఇక అసలు విషయానికి వస్తాము. యాత్ర ప్రమాదకరమా, కాదా అనే ప్రశ్నకన్నా, యాత్రను ఎవరు ఏ విధంగా ఆలోచించి నడుపుతారు అనే ప్రశ్న ముఖ్యమని మా అభిప్రాయం. దీనికి మా పాఠ్యగ్రంథంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు చేసినది అచ్చముగా ఒక్కరోజు యాత్ర. పొద్దున బయలుదేరి హిమాలయం చూచి, వేళకు ఇల్లు చేరి నిత్యకర్మలు నెరవేర్చుకొందామని ఆయన ఉద్దేశం. సిద్ధుడిచ్చిన పాదలేపం ఉన్నది గదా అని వెళ్లాడు. ఆ లేపం మంచునీటికి కరిగిపోతుందేమోనని ఒక్కసారి అడుగలేదు. ఇంటిలో ఆలితో చెప్పలేదు, తిరుగు దారి ఆనవాలు పట్టలేదు, తోడు ఎవరినీ తీసుకొని పోలేదు. మంచుకొండల వర్ణనలో మైమరచి చదువుకొనే మనం, ఆ కథంతా ఒక తిరుగు ప్రయాణపు ఏర్పాటు లోపించడం వలన నడిచిందన్న సంగతి గమనించము. ఆయనకు చివరకు అగ్నిదేవుడు దిక్కయ్యాడు. మోటారు సైకిలు వేసుకొని పోయిన మా ఐదుగురికి ఆ సౌకర్యమూ లేదు. ప్రవరుడు గొప్ప నిష్ఠాపరుడు, పండితుడు. అయినా యాత్ర నడపడం ఆయనకు చేతకాలేదు. అది వేరే విద్య. నేర్పితే వచ్చే విద్య, నేర్పడం కళాశాల పని.

మొట్టమొదట నెల నిర్ణయించాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల కాలంలో జలపాతం మహోద్ధృతంగా ఉంటుంది. పత్రికలలో బొమ్మలు వచ్చేది అప్పుడే, జనం ఎగబడేదీ అప్పుడే. మనం వెళ్లకూడనిదీ అప్పుడే. కడెం వాగు స్వభావం తెలియాలంటే 2022 జూలైని గుర్తు చేసుకొంటే చాలు. దిగువనున్న కడెం ప్రాజెక్టుకు గేట్లన్నిటి సామర్థ్యాన్నీ మించిన వరద వచ్చి, చుట్టుపక్కల గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. వేసవిలో వెళితే బండలు తప్ప నీరు కనబడదు. నవంబరు మాసం మనకు యుక్తమైనది. నీరు ఉంటుంది, అడవి పచ్చదనం చెడదు, ఎండ బాధించదు, వానల భయం తక్కువ. వారంలో రోజు విషయానికి వస్తే శుక్రవారం వద్దనడం మన కళాశాలలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆదివారం కూడా వద్దని మా సలహా. ఆనాడు జలపాతం వద్ద సందడి ఎక్కువగా ఉండి, నలభైమంది పిల్లలను లెక్కపెట్టుకొనడం దుస్సాధ్యమవుతుంది. మంగళ, బుధవారాలలో ఒకటి చూసుకొని, పోయిన తరగతులను మరొక సెలవునాడు చెప్పుకొనవచ్చు.

తరువాత వేళ. ఇక్కడ మన లెక్కల అధ్యాపకుల సాయం అవసరమే. 1892లో స్కాట్లండుకు చెందిన నైస్మిత్ అనే పర్వతారోహకుడు ఒక సులువైన సూత్రం చెప్పాడు. సమతలంలో మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి రెండువేల అడుగులకు మరొక గంట అని. అది కొండలెక్కి అలవాటైన బలిష్ఠుల నడకకు కట్టిన లెక్క. మన విద్యార్థులకు దానిమీద సగం కలుపుకొనాలి. నలభైమంది గుంపు నడక, అందులో అందరికన్నా మెల్లగా నడిచేవారి నడకే అని కూడా గుర్తుంచుకొనాలి. వారిని ముందు నడిపించి మిగిలినవారు వెనుక నడవడం సంప్రదాయం కావాలి. మనవాళ్లు సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తారు. చురుకైనవారు పరుగెత్తిపోయి ఏదో చెట్టు క్రింద విశ్రమిస్తారు, వెనుకబడినవారు రొప్పుతూ వచ్చి చేరేసరికి లేచి మళ్లీ బయలుదేరుతారు. విశ్రాంతి అవసరమైనవారికి అది ఎన్నడూ దక్కదు.

ఉదయం ఆరు గంటలకు బస్సు కదిలితే, నిర్మల్ మీదుగా తొమ్మిదింటికి నేరడిగొండ చేరుకొనవచ్చు. అక్కడ ఉపాహారం. బస్సును జలపాతం ముంగిటివరకు తోలకుండా గ్రామం వద్దనే నిలిపి, మిగిలిన దారి నడవాలని మా పట్టుదల. అడవిని బస్సు కిటికీనుండి చూడడం పుస్తకాన్ని అట్టమీద చదవడమే. పైనుండి జలపాతం అడుగుకు దిగడానికి నాలుగువందలకు పైగా మెట్లున్నాయి. అంతస్తుకు ఇరవై మెట్ల చొప్పున లెక్కించితే ఇరవై అంతస్తుల మేడ దిగి, మళ్లీ ఎక్కడమన్నమాట. దిగేటప్పుడు అందరూ ఉత్సాహవంతులే. ఎక్కేటప్పుడే ఎవరి శక్తి ఎంతో బయటపడుతుంది. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారి పేర్లు ముందే గ్రహించి, వారిని మెట్లపై మధ్యదాకా తీసుకొని వెళ్లి అక్కడినుండే దృశ్యం చూపించాలి. అక్కడినుండి కనబడేదీ తక్కువదేమీ కాదు. ఒంటిగంటకు, ఆలస్యమైనా ఒకటిన్నరకు, అందరూ పైకి చేరి ఉండాలి. దీనిని మేము తిరుగు గంట అంటాము. జొహర్ నమాజు, భోజనం పైన చెట్ల నీడలో. మూడు గంటలకు బస్సు. నవంబరులో సాయంత్రం అయిదు ముప్పావుకే పొద్దు గుంకుతుంది గనుక, అడవిదారి దాటి పెద్ద రోడ్డు ఎక్కేసరికి ఇంకా వెలుతురు మిగిలి ఉండాలి. తిరుగు గంట ఒకసారి నిర్ణయమైన పిమ్మట ప్రిన్సిపాలుగారు చెప్పినా మారరాదు. “ఇంకొక్క పది నిమిషాలు సార్” అనే మాటకు కరగని అధ్యాపకుని ఒకరిని ఎంచుకొని గడియారం ఆయన చేతికివ్వాలి. మేము కరుగుతాము గనుక ఆ పనికి మేము తగము.

నీటి సంగతి వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే మన విద్యార్థులకు “నీటిలో దిగవద్దు” అని చెప్పేవారే గాని ఎందుకు దిగరాదో చెప్పేవారు లేరు. కారణం తెలియని నియమాన్ని యువకుడు ఉల్లంఘించడానికే పుట్టినట్లు భావిస్తాడు. జలపాతం క్రింది మడుగు ఊరి చెరువు వంటిది కాదు. వేల ఏండ్లుగా పైనుండి పడే నీరు అడుగున రాతిని తొలిచివేస్తుంది. రెండడుగుల లోతు దాటిన మరుసటి అడుగే తల మునిగేంత గుంటలో పడవచ్చు. నీరు ఎత్తునుండి పడేచోట గాలిబుడగలు విస్తారంగా కలిసి నురగ అవుతుంది. అటువంటి నీరు మనిషిని తేల్చలేదు. చెరువులో గట్టిగా ఈదగలిగినవాడు కూడా ఆ నురగలో మునిగిపోవడానికి కారణం ఇదే. అదిగాక, పడిన నీరు అడుగుకు పోయి, పైకి లేచి, మళ్లీ ధారవైపుకే సుడి తిరుగుతుంది. అందులో చిక్కినవానిని అది వదిలిపెట్టక తనలోనికే లాగుకొంటుంది. బండల క్రింద నీరు తొలిచిన సొరంగాలు కంటికి కనబడవు. తడి బండపై పట్టిన పాచి సంగతి సరేసరి. సెల్‌ఫోనును చేయి చాచి పట్టుకొని, తన బొమ్మలో జలపాతం వచ్చేవరకు వెనుకకు అడుగులు వేసేవానికి ఆ పాచి చాలు, సుడిగుండం అక్కరలేదు.

మరొక సంగతి. మన నెత్తిమీద ఆకాశం నీలంగా ఉన్నంతమాత్రాన వాగు నిలకడగా ఉంటుందని నమ్మరాదు. ఎగువ కొండలలో ఎక్కడో కురిసిన వాన కొంతసేపటికి ఇక్కడికి చేరుతుంది. తేటనీరు ఉన్నట్టుండి ఎర్రబడడం, ఎండుటాకులు, పుల్లలు, నురగ కొట్టుకొని రావడం, నీటి రొద మారడం, ఇందాక కనబడిన రాయి కనబడకపోవడం, వీటిలో ఏ ఒక్కటి గమనించినా వస్తువుల కోసం వెనుదిరగక వెంటనే ఎత్తుకు ఎక్కాలి. బియాస్ నదిలో ఆపద తెచ్చినది గేటు, వాగులో తెచ్చేది మేఘం. ఒడ్డున ఉన్నవారికి రెండిటి మధ్యా భేదం లేదు. అందుచేత వాగు మధ్యనున్న బండలపై కూర్చొనడం, ఎంత చిన్న పాయ దాటి అయినా సరే, మన యాత్రలో పూర్తిగా నిషిద్ధం కావాలి. స్నానం ఊసే వద్దు. చేతులు కడుగుకొనడానికి బిందెతో నీరు తెప్పించుకొందాము.

జలపాతాల వద్ద జరిగే మరణాలలో మనసును మిక్కిలిగా కలచేవి, మునిగిపోతున్న స్నేహితుని రక్షించబోయి తామూ పోయినవారివి. ఒక్కరు జారితే ఇద్దరు ముగ్గురు దూకుతారు. అది మన యువకుల హృదయ సంస్కారానికి నిదర్శనమే. కాని ఆ సంస్కారానికి తోడు ఒక తాడు కావాలి. మునిగేవాడు రక్షించవచ్చినవానిని గట్టిగా వాటేసుకొంటాడు, అది బుద్ధిపూర్వకంగా చేసేది కాదు. కనుక దూకరాదు, ఒడ్డునుండే అందించాలి. పొడవైన కర్ర, ముడివేసిన దుపట్టాలు, అన్నిటికన్నా మిన్నగా ఇరవై మీటర్ల గట్టి తాడు, దాని కొసకు మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బా నీటిపై తేలుతుంది, విసరడానికి వీలుగా ఉంటుంది, పట్టుకొన్నవానిని కొంతసేపు నిలుపుతుంది. దీని ఖర్చు వార్షికోత్సవంలో ముఖ్య అతిథిగారికి వేసే పూలదండలకన్నా తక్కువే. కళాశాల మైదానంలో వ్యాయామ ఉపాధ్యాయులు రెండు సాయంత్రాలు దీనిని విసరడం నేర్పితే, అది కుంటాలలోనే కాదు, తమ తమ ఊళ్లలోని చెరువుల వద్ద, బావుల వద్ద కూడా అక్కరకు వస్తుంది.

పాముకాటు విషయం ఇంత విస్తరించనక్కరలేదు. కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. కరచిన అవయవాన్ని కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకొని విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. అడవిలో సెల్‌ఫోను పలుకకపోవచ్చు గనుక 108కి ఫోను చేయడానికి దగ్గరలో ఏచోట వీలవుతుందో ముందుగా వెళ్లి చూసివచ్చినవారు గుర్తించి ఉండాలి. ఎండకు, నడకకు నీరసించినవారికి ఒక లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి ఇవ్వడం మన విద్యార్థినులకు మనకంటె బాగా తెలుసు.

విద్యార్థినుల మాట వచ్చింది గనుక దానిని దాటవేయడం ఉచితం కాదు. యాత్రకు అనుమతి లభించినా అబ్బాయిలకే లభిస్తుందని, అమ్మాయిలకు “తరువాత చూద్దాము” అంటారని మాకు ముందే వినవచ్చింది. ఆ తరువాత ఏనాడూ రాదని వారికీ తెలుసు. మా తెలుగు తరగతిలో ప్రకృతి వర్ణనపై చక్కని వ్యాసాలు వ్రాసేది వారే. అయితే వారిలో అనేకులు అడవిని చూచినది చలనచిత్రాలలోనే. బి.ఏ. పూర్తికాగానే వివాహం, ఆపైన సంసారం. కళాశాలలోని మూడేండ్లలో చూడని కొండను వారు మరెప్పుడు చూడగలరు? తల్లిదండ్రుల సందేహాలు సమంజసమైనవే. వాటికి జవాబు ఏర్పాట్లతోనే చెప్పాలి. ప్రత్యేకమైన బస్సు, ముగ్గురు అధ్యాపకురాండ్రు, రాదలచిన తల్లులకు ఉచితంగా చోటు, పొద్దుగుంకిన కొద్దిసేపటికే ఇల్లు చేరడం. పర్దా పాటించేవారికి ఇబ్బంది లేని వేళ, స్థలం నడుపవలసినవారు ముందే చూసి రావచ్చు. మెట్లపై పొడవాటి బురఖా కాలికి అడ్డుపడుతుందని, పాదం కనబడేంత కురచగా ఉన్నది మేలని, సన్నని మడమల చెప్పులు పనికిరావని వారికి చెప్పవలసినది అధ్యాపకురాండ్రే. ఒక తల్లి మాతో అన్నారు: “బాబూ, మా అమ్మాయిని పంపడానికి నాకు భయం లేదు. పంపితే చుట్టాలు ఏమంటారోనని భయం.” ఆమె వెంట వస్తే ఆ రెండవ భయమూ తీరుతుంది. నిజానికి ఆమెకు కూడా జలపాతం చూడాలని ఉన్నట్లు మాకు తోచింది.

ఖర్చు సంగతి. బస్సు బాడుగను తలకింత అని పంచితే చదువుకొంటూ పనికిపోయే విద్యార్థి మౌనంగా పేరు తీసివేయించుకొంటాడు. కారణం అడిగితే తలనొప్పి అంటాడు. కనుక ఇవ్వగలిగినంత ఇవ్వడం, ఎవరెంత ఇచ్చారో ఒక్క గుమాస్తాకు తప్ప తెలియకపోవడం మంచి పద్ధతి. వంటవారిని తీసుకొని పోయి డేగిసాలు దింపి బిర్యానీ వండించే ఆలోచన మానుకొందాము. అడవిలో నిప్పు రాజేయరాదు. ఇంటినుండి రొట్టె, ఉడికించిన కోడిగుడ్డు, ఊరగాయ కట్టుకొని వస్తే చాలు. విస్తళ్లు, కాగితాలు, ప్లాస్టిక్ సీసాలు ఎన్ని తీసుకొనిపోతామో అన్నీ సంచిలో వేసి తిరిగి తేవాలి. అటవీ శాఖవారిని మన పెద్దలు ఇప్పటికీ జంగలాత్ అంటారు. వారికి పదిహేను రోజుల ముందుగా ఉత్తరం వ్రాసి, దారి తెలిసిన స్థానికులను ఒకరిద్దరిని కూలి ఇచ్చి వెంట పెట్టుకొంటే, చెట్టు పేరు, పిట్ట పేరు, ఏ బండ చెడ్డదో ఆ సంగతి మనం చెప్పేదానికంటె వారు చెప్పేది వినదగినది. గోండుల ఊరిమీదుగా పోయేటప్పుడు అడుగకుండా ఇండ్లను, మనుషులను బొమ్మ తీయరాదు. మన మొహల్లాలోకి ఎవరో వచ్చి మన ముంగిళ్లను బొమ్మలు తీసుకొంటే మనకెట్లుంటుందో అట్లే వారికీ. సోమేశ్వరుని చెంత చెప్పులు విడిచి, గొంతు తగ్గించి నడవడం మన విద్యార్థులకు ఎవరూ నేర్పనక్కరలేని మర్యాద.

చివరిగా అంగీకార పత్రం గురించి. విహారయాత్ర అనగానే కార్యాలయంవారు ఒక కాగితం అచ్చువేస్తారు: “ఏ ప్రమాదం జరిగినా కళాశాలకు బాధ్యత లేదు” అని. తండ్రి దానిపై సంతకం లేదా వేలిముద్ర వేస్తాడు. ఈ కాగితాన్ని మేము వ్యతిరేకిస్తాము. బియాస్ దుర్ఘటన జరిగిన మరుసటి సంవత్సరం, 2015లో, విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం విద్యార్థుల రక్షణపై మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. కళాశాల ఆవరణలోనే కాక వెలుపల కూడా విద్యార్థి రక్షణ సంస్థకు పట్టవలసిన విషయమని దాని భావం. బాధ్యత లేదని చెప్పేవారి చేతిలో ఏ తండ్రి అయినా బిడ్డను ఎందుకు పెట్టాలి? ఆ కాగితంలో ఉండవలసినవి వేరు. ఎక్కడికి వెళుతున్నాము, ఏ దారిన, ఎన్ని గంటలకు ఎక్కడ ఉంటాము, వెంట ఎవరెవరు వస్తారు, ఎనిమిది గంటల లోపల బస్సు రాకపోతే ఎవరికి ఫోను చేయాలి, బిడ్డకు ఏ జబ్బు ఉన్నది, ఈత వచ్చునా రాదా. దానిక్రింద మొదట ప్రిన్సిపాలుగారి సంతకం, యాత్ర నడిపే అధ్యాపకుని సంతకం ఉండాలి. తండ్రి సంతకం ఆ తరువాత.

పాలక సంఘం పెద్దల ముందు మేముంచే కోరిక చిన్నది. తీర్మానాన్ని రద్దు చేయమని అడుగము. ఈ నవంబరులో ఒక్క యాత్రకు, నలభైమందికి, పరీక్షార్థం మినహాయింపు ఇవ్వండి. పదిమందికి ఒక అధ్యాపకుడు లేదా అధ్యాపకురాలు చొప్పున ఉంటారు. అంతకు ముందుగా అక్టోబరులో ఇద్దరు అధ్యాపకులు, ఒక అధ్యాపకురాలు, పాలక సంఘం సభ్యులలో ఒకరు కుంటాలకు వెళ్లి, దారి నడిచి, మెట్లు లెక్కించి, నీరు చూసి రావాలి. వారు వద్దంటే వద్దు. ఆ రోజు ఎగువన వానపడినట్లు తెలిస్తే బస్సు ఎక్కిన తరువాత కూడా యాత్ర మాని నిర్మల్ కొయ్యబొమ్మలు చూసుకొని తిరిగివస్తాము. అటువంటి రోజున విద్యార్థులు మామీద అలుగుతారు, అలగనివ్వండి.

పేర్లు ఇవ్వదలచినవారు తెలుగు శాఖలో ఇవ్వవచ్చు. ఇప్పటివరకు పదకొండుమంది ఇచ్చారు, వారిలో ఏడుగురు విద్యార్థినులు. మోటారు సైకిళ్ల ఐదుగురిలో ముగ్గురి పేర్లు కూడా పట్టికలో ఉన్నాయి. తాడు విసరడం నేర్చుకొనడానికి మొదట వారినే పిలిచాము.